కృష్ణాతీరము – నైలుతీరము

ఇబ్రహీంపట్నము ఫెర్రీకడ నిలిచి కృష్ణను చూచునపుడెల్ల మాకు నైలునది తలపునకు వచ్చును. ఇందుకు కారణము కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా నగరమున నుండిన టాలెమీ తన భూగోళ గ్రంథమున ‘మైసోలస్’ అను నదిని పేర్కొనెను. అది మన కృష్ణయే యనియు, అతడు చెప్పిన ‘కొంటకొస్సైల’ రేవు నేటి ఘంటసాల యనియు చరిత్రకారులు తలచుచున్నారు. అతడు మన తీరమును ఎరిగియుండెను. అతని దేశమును మనమును ఎరుగుట మేలు.

ఈజిప్టునకు ఉత్తరమున మధ్యధరా సముద్రము, తూర్పున ఎర్రసముద్రము, పడమట లిబియా, దక్షిణమున సూడాను కలవు. వైశాల్యము సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు. అందు నూటికి తొంబది పాళ్ళకు మించి ఎడారియే. కైరో దాటిన పిదప నైలు రెండు పాయలై, రషీద్, దమియెట్టా పట్టణములకడ సముద్రమును చేరును. మన కృష్ణ పులిగడ్డకడ చీలి దివిసీమను చుట్టుకొనినట్లే యిదియును. జనులలో నూటికి 95 మంది ఈ నదీలోయయందును, డెల్టాయందునే నివసించుచున్నారు. 1897లో జనసంఖ్య 97 లక్షలు. 1960లో 2 కోట్ల 60 లక్షలు. 2017లో 9 కోట్ల 48 లక్షలు. సాగునేల మాత్రము ఆ రీతిని పెరుగలేదు.

ఇథియోపియా కొండలపై వానలు కురియగా, మన కృష్ణకు వరద వచ్చు నెలలందే నైలునకును వరద వచ్చెడిది. ఆ వరద తెచ్చు ఒండ్రుమట్టియే వేలయేండ్లు పొలములను పోషించెను. 1960లో మొదలై 1970లో ముగిసిన ఆస్వాను పెద్ద ఆనకట్ట వరదను ఆపెను. ఏడాది పొడుగునను నీరు లభించెను, విద్యుత్తు లభించెను. కాని ఒండ్రు జలాశయముననే నిలిచిపోయెను. రైతులు ఎరువులు కొనవలసివచ్చెను. రషీద్ కడ సముద్రము తీరమును కోసివేసినది.

మనకును 1855 నాటి ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బ్యారేజి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము అన్నము పెట్టినవి. 2015లో పట్టిసీమనుండి గోదావరి జలము మా యూరికడ కృష్ణలో కలిసినపుడు మేమును సంతసించితిమి. అయితే మనము నీటికి లెక్క వ్రాయుచున్నాము గాని మట్టికి వ్రాయుట లేదు. ఎగువ జలాశయముల వలన కృష్ణ సముద్రమునకు కొనిపోవు ఒండ్రు ఎంతయో తగ్గినది. దివిసీమను కట్టినది ఆ మట్టియే. నైలుతీరము కోల్పోయిన పిదప తెలిసికొనిన దానిని మనము ముందుగనే తెలిసికొనవలెను.