మళ్లీ చేతికి రాని గొట్టం

మంట దగ్గరికి జరగండర్రా, చలిగా ఉంది. ఎక్స్‌బీటీ సంగతి అడిగావు కదమ్మా, చెబుతాను. సముద్రం లోపలి వేడి కొలవడానికి ఓడ మీంచి వదిలే గొట్టం అది.

1950ల్లో లఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్ర ప్రొఫెసరు మన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు. అప్పట్లో సముద్రం లోపలి వేడి చూడాలంటే బీటీ అనే బరువైన పరికరాన్ని తాడుకు కట్టి దింపాలి, మళ్లీ పైకి లాగి గాజు పలక మీద పడ్డ గీత చదువుకోవాలి. మా కాలానికి ఆ అవస్థ తప్పింది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ పోయే ప్రయాణికుల ఓడ వెనక నిలబడి ఎక్స్‌బీటీ గొట్టాన్ని వదిలేసేవాళ్లం. ఓడ ఆగక్కర్లేదు. గొట్టం ముక్కున వేడి పసిగట్టే థర్మిస్టరు, దాని వెనక తలవెంట్రుకంత రాగితీగ. ఆ తీగ అటు గొట్టంలోంచీ, ఇటు ఓడ మీది చుట్టలోంచీ విప్పుకుంటూ పోతుంది. టీ-7 రకమైతే రెండు నిమిషాల్లో 760 మీటర్లు దిగుతుంది. ఆపైన తీగ తెగుతుంది, గొట్టం సముద్రానిదే.

అసలు చిక్కు అక్కడే ఉంది. దాన్ని పైకి తెచ్చి సరిచూడలేం. పైగా అందులో లోతు కొలిచేదేమీ లేదు, నీళ్లు తాకిన క్షణం నుంచి ఎంతసేపు దిగిందో చూసి లెక్కకట్టడమే. అందుకని పరిశోధన ఓడల్ని ఆపి, వేడినీ లోతునూ కచ్చితంగా కొలిచే సీటీడీని దింపి, పక్కనే ఎక్స్‌బీటీ వదిలి రెండు గీతలూ పోల్చారు. 1995లో జపాన్ శాస్త్రవేత్త హనావా, తోటివాళ్లూ తేల్చారు: తయారీ కంపెనీ లోతు సూత్రం చెప్పినదానికంటే గొట్టం వేగంగా పడుతోంది. పాత లెక్కలో 760 అన్నది నిజానికి 785 దగ్గర! సముద్రం ఎంత వేడెక్కిందో చెప్పే పాత లెక్కలు చాలావరకు ఈ గొట్టాల మీదే నిలబడ్డాయి మరి. ఇలాంటి పరీక్షలు చేసినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

ఒక శీతాకాలం బంగాళాఖాతం ఉత్తరాన గీత వింతగా వచ్చింది. పైన చల్లగా, కింద వెచ్చగా. కుర్రాడొకడు "గొట్టం పాడైంది సార్, కొట్టేద్దాం" అన్నాడు. "ఆగు నాయనా" అన్నాను. తీగ ఓడకు రాసుకుని పూత లేచినా వేడి ఎక్కువ చూపిస్తుంది, వాడి అనుమానం ఉత్తదేమీ కాదు. ముందు గొట్టం బదులు, తెలిసిన వేడిని చూపించే టెస్ట్ కానిస్టర్ పెట్టి రికార్డరు చూశాం, బాగానే ఉంది. ఇంకో గొట్టం వదిలాం. అదీ అదే గీత గీసింది.

అంటే గీత నిజమే. గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్లు తేలిక. చలిగాలికి చల్లబడినా ఉప్పునీళ్ల కిందికి దిగవు, వాటి కింద వెచ్చదనం అలాగే ఉండిపోతుంది. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి, టైమూ చోటూ వాడి చేతే రాయించి దస్త్రంలో ఉంచాను.