ఐదో నంబరు ట్రాము

కలకత్తాలో శ్యామ్‌బజార్ నుంచి ఎస్‌ప్లనేడ్ దాకా ఐదో నంబరు ట్రాములో నేనూ, మావారూ ఊరికే తిరగడానికే వెళ్లాం. చేతిలో కూరల సంచీ లేని ప్రయాణం! హెదువా దగ్గర బెథూన్ కాలేజీ కనిపిస్తుంది. 1849లో ఆడపిల్లల బడిగా మొదలైంది. తర్వాత కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల కొట్లు.

ఇక్కడి ట్రాములు 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకి మారాయి. మనవాళ్లు ఎక్కి తిరిగిన మద్రాసు ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. అదే ఏడాది జులైలో ఇక్కడ టికెట్టు ఒక్క పైసా పెంచితే జనం రోడ్డెక్కి ఆపించారు. 2024లో మైదాన్ దారి ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేస్తామంది ప్రభుత్వం. పైసా కోసం కదిలిన ఊరు ట్రామునే పోనిస్తుందా? మీరు వెళితే మాత్రం, పిల్లల్ని ఒక్కసారి ఎక్కించండి.