పదహారు నుంచి తొమ్మిదికి

మొన్నామధ్య ఇక్కడ అమెరికాలో మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికెళ్తే, నా డిప్రెషన్ స్కోరు 16 నుంచి 9కి పడిందని ఆయన తెగ సంతోషపడిపోయాడు. నాకేమో రాత్రి మూడింటికి మెలకువొచ్చి, పొద్దున స్టాండప్ కాల్ దాకా సీలింగు చూస్తూ పడుకోవడం అలాగే ఉంది. మరి ఆ 7 మార్కులు ఎక్కడ తగ్గినట్టు? మన వృత్తి రోగం తెలిసిందే కదా, ఆ అంకె ఎక్కణ్ణుంచి పుట్టిందో తవ్వడం మొదలెట్టాను.

1960లో బ్రిటన్‌లో మాక్స్ హామిల్టన్ అనే సైకియాట్రిస్టు ఒక స్కేలు తయారుచేశాడు. జబ్బు ఉందని అప్పటికే తేలిన రోగిని కూర్చోబెట్టి మాట్లాడి, డాక్టరే మార్కులెయ్యాలి. ప్రశ్నలు 17. అందులో నిద్రకే 3 ప్రశ్నలు, 6 మార్కులు. ఆత్మహత్య ఆలోచనలకి మాత్రం గరిష్ఠంగా 4! అంటే మత్తుగా నిద్రపుచ్చే మందేదైనా, మనసు ఎలా ఉన్నా సరే, స్కోరు కొంత దించెయ్యగలదన్నమాట. దశాబ్దాల పాటు కొత్త మందుల పాసూ ఫెయిలూ ఎక్కువగా తేల్చింది ఈ స్కేలుతోనే.

మామూలు డాక్టరుకి అంత తీరిక ఎక్కడిది? అందుకని రాబర్ట్ స్పిట్జర్, కర్ట్ క్రోంకీ, జానెట్ విలియమ్స్ కలిసి, రోగే నింపుకునే ఫారం తెచ్చారు. అందులోంచి వచ్చిందే 2001 నాటి పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల సంగతి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 5, 10, 15, 20 దగ్గర గీతలు. డాక్టర్లకి గుర్తుంటాయన్నది కూడా ఆ అంకెలు ఎంచుకోడానికి ఒక కారణమని వాళ్ళే రాసుకున్నారు. అన్నట్టు, దీనికి డబ్బులిచ్చింది ఫైజర్. జోలాఫ్ట్ అమ్మింది కూడా వాళ్ళే. ఫారం మాత్రం అందరికీ ఉచితం, కాదనకూడదు.

2015లో ఐకో ఫ్రీడ్, రాండాల్ఫ్ నెస్సీ అమెరికాలోని ఒక పెద్ద డిప్రెషన్ ట్రయల్ డేటా తిరగేశారు. 3,703 మంది రోగుల్లో 1,030 రకాల లక్షణాల కలయికలు తేలాయి. అందరికీ పెట్టిన పేరు ఒకటే. ఇంకో పేపర్లో వాళ్ళ వాదన, ఇలా అన్నీ కూడేసి ఒక్క అంకె చెయ్యడమే తప్పని. మనకి ఇది కొత్తేం కాదు. బగ్గుల లెక్క సగానికి తగ్గిందని మేనేజరుకి స్లైడు చూపిస్తాం, మిగిలినవాటిలో బ్లాకర్ ఉందా లేదా అన్నది ఎవరూ అడగరు. ఈ ఫారంలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం 9 వచ్చినవాడికి అక్కడ 3 ఉండొచ్చుగా?

నా రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆసక్తి 3 నుంచి 1, దిగులు 2 నుంచి 1, ఏకాగ్రత 2 నుంచి 1. ఆకలి, అపరాధభావం, మందకొడితనం 1 నుంచి సున్నాకి. నిద్ర 3, నీరసం 3, కదల్లేదు. పోయినవారం ఆ రెండు వరసలూ గీత గీసి పట్టుకెళ్ళాను. డాక్టరు ఒక నిమిషం చూసి, "మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?" అన్నాడు. రాత్రి భోజనం అయ్యాక అన్నాను. కొంతమందికి ఈ మందే నిద్ర చెడగొడుతుంది, పొద్దున వేసుకుని చూడమన్నాడు. మూడు నెలల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఇప్పటికి నాలుగు రోజులైంది. నిన్న నాలుగున్నర దాకా పడుకున్నాను.