హైదరాబాద్ మెట్రో రెండో దశ

హైదరాబాద్ మెట్రో రైలును విస్తరించేందుకు తెలంగాణ ప్రభుత్వం తలపెట్టిన ప్రాజెక్టు ఇది. ఇందులో మొదటి భాగం (2-ఎ) ఐదు మార్గాల్లో 76.4 కిలోమీటర్లు, అంచనా వ్యయం రూ.24,269 కోట్లు. దీని ప్రాజెక్టు నివేదిక 2024 నవంబరులో ఆమోదం కోసం కేంద్రానికి వెళ్లింది. మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీల వైపు మరో 86.1 కిలోమీటర్లతో 2-బి నివేదిక 2025 జూన్‌లో వెళ్లింది.

రెండో దశ నిధుల లెక్క అర్థం కావాలంటే తొలి దశ అనుభవం తెలియాలి. 2008లో టెండరు గెలిచిన, సత్యం కంప్యూటర్స్ అధిపతి కుటుంబానికి చెందిన మేటాస్ బృందం, సర్కారు నుంచి పైసా అడక్కపోగా తానే రూ.30,311 కోట్లు ఎదురు చెల్లిస్తానంది. నమ్మశక్యం కాని ఆ బేరం సత్యం కుంభకోణం తర్వాత 2009లో రద్దయింది. మరుసటి ఏడాది ఎల్‌ అండ్‌ టీ రూ.1,458 కోట్ల కేంద్ర సాయం కోరి పని దక్కించుకుంది. రాబడిలో సగం టికెట్ల నుంచి, దాదాపు 45 శాతం మాల్స్, ఆఫీసుల అద్దెల నుంచి వస్తుందని అప్పటి అంచనా. 2017 నవంబరులో రైలు కదిలింది. 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయో లేదో, వెంటనే లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆ తర్వాత రైళ్లు కిటకిటలాడినా వడ్డీల భారం తగ్గలేదు. చివరికి 2025 సెప్టెంబరులో సుమారు రూ.13,000 కోట్ల అప్పుతో సహా తొలి దశను తీసుకోవడానికి రాష్ట్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సంస్థ వాటాకు మరో రూ.2,000 కోట్ల దాకా ఇవ్వాలన్నది అవగాహన.

అందుకే రెండో దశలో పద్ధతి తిరగబడింది. 2-ఎ ఖర్చులో రాష్ట్రానిది 30 శాతం, కేంద్రానిది 18 శాతం, ప్రైవేటు వాటా 4 శాతమే. మిగతా 48 శాతం జపాన్‌కు చెందిన జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థల నుంచి తెచ్చే రుణం. దీనికి కేంద్రం పూచీకత్తు కావాలి. అంటే ఢిల్లీ తలూపితే వచ్చేది 18 శాతం ఒక్కటే కాదు, సగానికి పైగా డబ్బు దానిమీదే ఆధారపడి ఉంది. రెండు దశల రైళ్లు కలిసి నడవడంపై స్పష్టత కావాలని కేంద్రం అడగడం, రెండో దశలో వాటాకు ఎల్‌ అండ్‌ టీ ముందుకు రాకపోవడం కూడా తొలి దశను రాష్ట్రం తీసుకోవాలన్న నిర్ణయానికి దారితీశాయి.

2-ఎ మార్గాల్లో పెద్దది నాగోలు–శంషాబాద్ విమానాశ్రయం, 36.8 కిలోమీటర్లు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన మార్గాన్ని ఏడాదికే కొత్త ప్రభుత్వం పక్కన పెట్టింది. ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట 7.5 కిలోమీటర్లే అయినా చిక్కంతా అక్కడే. తొలి దశలో ఆగిపోయిన పాతబస్తీ ముక్క అందులోనే ఉంది. అక్కడ రోడ్డు విస్తరణలో పోయే ఆస్తులకు చదరపు గజానికి రూ.81,000 చొప్పున పరిహారం నిర్ణయించి, 2025 ఆరంభంలో చెక్కులివ్వడం మొదలుపెట్టారు.