తకరజుక: దారి ముగిసినచోట వెలసిన పట్టణము

జనులున్నచోటికి రైలుమార్గము వచ్చుట లోకసామాన్యము. జపానుదేశమున ఓసాకానగరపు శివారుమార్గమునకు తుదిస్టేషనైన తకరజుక విషయమున జనులనే మార్గమునకు రప్పింపవలసి వచ్చెను.

మినో–అరిమ విద్యుద్రైలు కంపెనీవారు 1910 మార్చి 10వ తేదీన ఓసాకాలోని ఉమెదానుండి తకరజుకవరకు బండ్లు నడపసాగిరి. వేడినీటిబుగ్గలకు ప్రాచీనకాలమునుండి ప్రసిద్ధమైన అరిమవరకు దారి వేయవలెనని వారి సంకల్పము. అది నెరవేరలేదు. ముకోనదియొడ్డున స్నానగృహములుగల తకరజుక గ్రామముననే దారి యాగిపోయెను. నిత్యము అచ్చటికి టిక్కెట్టు కొనువారెవరు?

కంపెనీ వ్యవహారములు నడపిన కొబయాషి ఇచిజో (1873–1957) ఈ చిక్కును గృహములతో విప్పదొడగెను. మార్గము పూర్తికాకమునుపే, 1909లో, ఒక చిన్న పుస్తకమును ప్రచురించి, పొగగ్రమ్మిన నగరమున నేల వసింపవలెనని ఓసాకావాసుల నడిగెను. మరుసటియేట ఇకెదాయొద్ద ఇండ్లు కట్టించి, 10 సంవత్సరముల నెలవారీ వాయిదాలమీద విక్రయించెను. అద్దెయింట కాలము గడపు జీతగాండ్రకు స్వగృహము లభించెను. కంపెనీకి నిత్యప్రయాణికులు లభించిరి.

సెలవుదినములలో బండ్లు నిండుటకై తకరజుకలో 1911న క్రొత్త స్నానశాలయు, 1912న ఇంటిలోపలనే ఈతకొలనుగల వినోదభవనమును వెలసినవి. కొలనునీరు మిక్కిలి చల్లన; స్త్రీపురుషులు కూడి యీదుటకు అనుమతియు లేదు. కొలను మూతపడెను. దానిపై పలకలు పరచి ప్రేక్షకులను కూర్చుండబెట్టి, బట్టలు మార్చుకొను గదిని రంగస్థలముగా జేసిరి. 1913లో చేర్చుకొన్న బాలికలు 1914 ఏప్రిలులో అచ్చటనే తొలిప్రదర్శన మిచ్చిరి.

1629లో ప్రభుత్వము స్త్రీలను రంగస్థలమునుండి నిషేధించినది మొదలు, ఆ దేశమున నటియన్న చిన్నచూపు నాటుకొనియుండెను. ఇచ్చట బాలికలకు క్రమశిక్షణతో సంగీతనృత్యములు నేర్పి, కుటుంబములు కలసి చూడదగిన నాటకములాడించిరి. పురుషపాత్రలనుగూడ స్త్రీలే ధరింతురు. ఇది గొప్ప మార్పే. అయినను వివాహమాడినవారు సంఘమును విడువవలెనను నియమము నేటికిని గలదు. గౌరవము లభించినది, దానికొక గడువును ఏర్పడినది.

1929లో ఉమెదా కొసన కంపెనీయే పెద్ద అంగడిని దెరచెను. ఉదయము భర్త బండిలో నగరమునకేగును. భార్య శివారున ఇల్లు చక్కబెట్టును. సెలవునాడు అందరును నాటకమునకు బోదురు. ఇల్లు, బండి, అంగడి, వినోదము ఒక్క సంస్థ కల్పించినవే. నేడు హన్‌క్యూ అనబడు ఆ మార్గమున బండ్లు నడచుచునే యున్నవి. తకరజుకలోని వినోదోద్యానము 2003లో మూతపడినను నాటకశాల నిలిచియున్నది.

సామాన్యగృహస్థునకు గాలియు వెలుతురునుగల ఇల్లు సమకూర్చిన యీ యేర్పాటు నిస్సంశయముగా మేలైనదే. కాని ఇంటివెల వాయిదాలలో దీరినపిదపను, ఆ యింటివారి దినచర్యను నిర్ణయించినవారెవరో విచారించుట వివేకవంతులకు తగును.