మూడు నిమిషాల దూరం: 2015 ఐ-లీగ్ ఆఖరి ఆట

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని నేను అనుకునేదాన్ని. మా సోషల్ మేడమ్ ఈసారి "మన ఊళ్ళో జరిగిన ఒక సంఘటన తీసుకుని చరిత్ర వ్యాసం రాయండి" అన్నారు. క్లాసులో చాలామంది కోట గురించి, కెంపేగౌడ గురించి రాస్తామన్నారు. నేను మాత్రం ఫుట్‌బాల్ తీసుకున్నాను. దానికి కారణం మా చిన్నాయన. మా ఇంట్లో దేవుడి పటం వెనకాల ఒక పాత టికెట్ ఉంది. 2015 మే 31న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన ఆటది. ఓడిపోయిన ఆట టికెట్ ఎవరైనా దాచుకుంటారా? మా చిన్నాయన దాచుకున్నాడు.

ముందు ఆ రెండు జట్ల గురించి చెప్పాలి. మోహన్ బగాన్ 1889లో కలకత్తాలో పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే ఇంగ్లీషు సైనికుల జట్టును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. ఆ రోజు బగాన్ ఆటగాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్ళతోనే ఆడారు. రెండో జట్టు బెంగళూరు ఎఫ్‌సీ. అది పుట్టింది 2013లో. అంటే రెండింటికీ మధ్య 124 ఏళ్ళ తేడా! తాతకూ మనవడికీ పోటీ లాంటిది. అయితే ఈ మనవడు తక్కువవాడేం కాదు. పుట్టిన మొదటి సీజన్‌లోనే, 2013-14లో, ఐ-లీగ్ కప్పు ఎత్తుకుపోయాడు.

బెంగళూరుకు ఫుట్‌బాల్ కొత్త అని కూడా అనుకోకూడదు. 1937లో బాంబే రోవర్స్ కప్పును గెలిచిన మొదటి భారతీయ జట్టు మన బెంగళూరు ముస్లిమ్స్ క్లబ్బే. ఆస్టిన్ టౌన్, గౌతంపుర వీధుల్లో ఇప్పటికీ పిల్లలు క్రికెట్ కన్నా ఫుట్‌బాల్ ఎక్కువ ఆడతారు.

ఇక 2014-15 సీజన్‌కు వద్దాం. లీగ్‌లో 11 జట్లు. ఒక్కో జట్టు 20 ఆటలు ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే 1, ఓడితే సున్నా. 19 ఆటలు అయ్యేసరికి లెక్క ఇలా ఉంది.

మోహన్ బగాన్: గెలిచినవి 11, సమానం 5, ఓడినవి 3. మొత్తం 38 పాయింట్లు.
బెంగళూరు ఎఫ్‌సీ: గెలిచినవి 10, సమానం 6, ఓడినవి 3. మొత్తం 36 పాయింట్లు.

ఇద్దరూ ఓడింది మూడేసి ఆటలే. బెంగళూరు ఒక్క డ్రాను గెలుపుగా మార్చుకుని ఉంటే ఇద్దరూ 38తో సమానంగా మైదానంలోకి దిగేవాళ్ళు. ఏడాదంతా ఆడిన ఆటకు తేడా అంతే. పైగా విచిత్రం ఏమిటంటే ఆఖరి ఆట ఆ ఇద్దరి మధ్యే పడింది, అదీ మన ఊళ్ళో.

ఆ రోజు పొద్దున ఎవరినైనా "కప్పు ఎవరిది?" అని అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళు? బెంగళూరు గెలిస్తే 39, బగాన్‌కు 38. కప్పు మనది. సమానమైతే బగాన్‌కు 39, మనకు 37. బగాన్ గెలిస్తే సరేసరి. అంటే మూడు దారుల్లో రెండు బగాన్‌వి, ఒకటి మనది. కాగితం మీద బగాన్‌దే పైచేయి.

కానీ కాగితం మీద లేనివి కూడా ఉన్నాయి. సొంత మైదానం మనది, అరిచే జనం మనవాళ్ళు. కిందటేడు కప్పు గెలిచిన జట్టు మనది. సునీల్ ఛెత్రి మనవైపే ఉన్నాడు. బగాన్‌ చూస్తే 2001-02 తర్వాత జాతీయ లీగ్ గెలవలేదు. పదమూడేళ్ళ ఎదురుచూపు కాళ్ళకు బరువే కదా. అందుకే మా చిన్నాయన ముందురోజే పనిచేసేచోట అందరికీ "రేపు కప్పు మనదే, సోమవారం స్వీట్లు నావి" అని చెప్పేశాడట. మా అవ్వ "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం రా" అందట.

ఆట మొదలైంది. 41వ నిమిషంలో జాన్ జాన్సన్ గోల్ కొట్టాడు. 1-0. అప్పటినుంచి కప్పు బెంగళూరుదే. 50వ నిమిషం, 60, 70, 80... కప్పు ఇంకా మనదే. 87వ నిమిషంలో బగాన్‌కు కార్నర్ వచ్చింది. సోనీ నోర్డే కొట్టిన బంతిని నైజీరియా డిఫెండర్ బెల్లో రజాక్ తలతో గోల్‌లోకి పంపాడు. 1-1. ఆట అలాగే ముగిసింది. బగాన్ 39, బెంగళూరు 37. కోచ్ సంజయ్ సేన్ జట్టు కప్పు తీసుకుని కలకత్తాకు వెళ్ళిపోయింది.

నేను మొదటిసారి ఈ వ్యాసం రాసినప్పుడు "బగాన్ గొప్ప సంప్రదాయం ఉన్న జట్టు కాబట్టి గెలిచింది" అని రాశాను. మేడమ్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, "86వ నిమిషంలో ఈ మాట రాసేదానివా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. 86వ నిమిషంలో అయితే "బెంగళూరు యువ జట్టు, సొంత మైదానం కాబట్టి గెలిచింది" అని రాసి ఉండేదాన్ని. అదీ సరిగ్గానే కనిపించేది! ఫలితం తెలిసిన తర్వాత కారణాలు వెతకడం సులభం. మన పాఠ్యపుస్తకంలో కూడా "ఫలానా రాజ్యం బలహీనపడింది, అందుకే ఓడిపోయింది" అని చదువుతాం. ఓడే రోజు పొద్దున వాళ్ళకు ఆ సంగతి తెలుసా? ఇప్పుడు చరిత్ర చదివేటప్పుడు నేను ఆ ప్రశ్న వేసుకుంటున్నాను.

ఓడిన జట్టు కథ అక్కడితో అయిపోలేదు. మరుసటి సీజన్‌లో, 2015-16లో, బెంగళూరు మళ్ళీ ఐ-లీగ్ గెలిచింది. అప్పుడు రెండో స్థానంలో నిలిచింది మోహన్ బగానే. 2016లోనే ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేరిన మొదటి భారతీయ క్లబ్బుగా బెంగళూరు నిలిచింది.

ఇంకో మాట. పక్క స్కూలు పిల్లలు కొందరు నన్ను "నువ్వు తెలుగు మాట్లాడతావు కదా, నీ టీమ్ ఏది?" అని అడుగుతుంటారు. మా తాత కాలం నుంచి మేం ఈ ఊళ్ళోనే ఉన్నాం. మా చిన్నాయన ఆ రోజు కన్నడంలో అరిచాడట, ఇంటికొచ్చి తెలుగులో ఏడ్చాడట. నా టీమ్ ఏదో నాకు తెలుసు.

వ్యాసం కోసం ఆ టికెట్ చేతిలోకి తీసుకుని "ఓడిన ఆటది ఎందుకు దాచావు చిన్నాయనా?" అని అడిగాను. "41 నుంచి 87 దాకా మనమే ఛాంపియన్లం కదమ్మా. ఆ నలభై ఆరు నిమిషాలు నేను అక్కడే ఉన్నా" అన్నాడు. ఆ నిమిషాలు పాయింట్ల పట్టికలో కనపడవు. అందుకే ఇక్కడ రాశాను.

అన్నట్టు, సోమవారం స్వీట్లు మాత్రం ఇచ్చాడట. మాట అన్నాక తప్పదు కదా!