గడియ నుండి నిమిషమునకు



మా భవానీపురమున మా యింట గడియారము లేని దినములలో దూరమునుండి రైలుకూత వినబడగానే మా నాయనమ్మ "వేళయైనది, దీపము వెలిగింపుడు" అని కోడండ్రతో చెప్పెడిది. రైలు మనకు వేగమును తెచ్చెననుట యందఱెఱిగినదే. అది మనము కాలమును కొలుచు తీరునుగూడ మార్చెను. ఆ చరిత్రను, జపానుదేశపు చరిత్రతో పోల్చి, నేడు మనవి చేసెదను.

మన పెద్దలకు దినమనగా ఎనిమిది జాములు, అఱువది గడియలు. గడియకు 24 నిమిషములు. అంతకన్న సూక్ష్మమైన లెక్క జ్యోతిష్కునకే కాని బాటసారికి పనిలేదు. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిరి. పదునైదు నెలలకు మించిన ప్రయాణమున ఒక గడియ ముందైన నేమి, వెనుకైన నేమి? 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట బందరు, ఏలూరు కాలువలలో పడవలు నడచినవి. పడవవాడు "ప్రొద్దుగ్రుంకువేళకు చేరుదుము" అనెడివాడు. గాలి తోడ్పడిన ముందుగా, లేకున్న ఆలస్యముగా చేరెడివారు. అతనిని తప్పుపట్టినవారు లేరు.

1889లో సికిందరాబాదునుండి రైలుమార్గము బెజవాడకు చేరెను. 1893లో కృష్ణపై వంతెన వెలసెను. 1899లో చెన్నపట్టణపు మార్గము, 1908లో బందరు మార్గము కలిసినవి. రైలు పడవవలె వేచియుండదు. తెల్లవాఱుజామున బండియున్నచో మా తాతగారు ముందటి సాయంకాలమే ఎడ్లబండిమీద స్టేషనుకు పోయి, మూట తలక్రింద నుంచుకొని ప్లాటుఫారముమీద నిద్రించెడివారు. చదువుకొన్న కుఱ్ఱవాండ్రు నవ్వెడివారు. నిమిషము తెలియనివాడు నిమిషమును తప్పిపోకుండుటకు రాత్రినంతయు చెల్లించెడివాడని వారికి తోచలేదు. ఊరికొక వేళ యున్నచో రైళ్లు నడువజాలవు గనుక, మొదట రైళ్లకు మద్రాసు కాలమును ప్రమాణముగా గైకొనిరి. 1906లో దేశమున కంతటికి ఒకే ప్రామాణిక కాలము ఏర్పడెను.

జపానులోను పూర్వము కథ యిట్టిదే. వారు ప్రొద్దుపొడుపునుండి ప్రొద్దుగ్రుంకువఱకు పగటిని ఆఱు భాగములు చేసికొనెడివారు. కావున వేసవిలో ఆ భాగము దీర్ఘము, శీతకాలమున హ్రస్వము. 1872లో టోకియోలోని షింబాషినుండి యొకొహామాకు తొలిరైలు నడచినది. సుమారు 29 కిలోమీటర్ల దూరమును 53 నిమిషములలో గడచెను. మఱుసటి సంవత్సరారంభముననే సమానమైన గంటలు శాసనమయ్యెను. బెజవాడకు రైలు వచ్చిన 1889లోనే టోకియో కోబె నగరముల నడిమి మార్గము పూర్తియగుట విశేషము. 1964 అక్టోబరు 1వ తేదీన టోకియో ఒసాకాల నడుమ షింకన్‌సెన్ అను శీఘ్రరైలు బయలుదేఱి, సుమారు 515 కిలోమీటర్లను నాలుగు గంటలలో దాటెను.

నేడు అచటికేగిన యాత్రికుని వేగముకన్న మఱియొకటి యబ్బురపఱచును. ప్లాటుఫారముమీద గీచిన గుర్తులయొద్ద జనులు వరుసగా నిలుతురు. పెట్టెద్వారము సరిగా ఆ గుర్తులకడనే ఆగును. షింకన్‌సెన్‌లో పరీక్షాధికారి పెట్టెను విడుచునపుడు ప్రయాణికులవైపు తిరిగి తలవంచును. రైలు ఆలస్యమైనచో స్టేషనువారే ఒక చీటి నిత్తురు. దానిని కొలువులో చూపినవాని ఆలస్యము అతని తప్పుగా నెంచబడదు. ఆ చీటి చిన్నది. దాని యర్థము గొప్పది. తప్పు తమదని ఒప్పుకొనుట, సామాన్యుని కాలమునకుగూడ విలువ గలదనుట అందున్నవి.

మన బాటసారి కాలమునకు ఆ విలువ గలదా? బండి రెండుగంటలు ఆలస్యమైన కూలివాని దినవేతనము పోవును. దూరపు వైద్యునికొఱకు వచ్చిన వృద్ధుడు వట్టిచేతులతో మరలును. ఆ నష్టమును ఏ లెక్కపుస్తకమునను వ్రాయరు. జపానువారి యంత్రములను మనము కొనితేవచ్చును; ఆ చీటి వెనుకనున్న బుద్ధిని మాత్రము మనమే అలవఱచుకొనవలెను. అది రైలువారికే కాదు, పదిమందిని వేచియుంచు ప్రతివానికిని వర్తించును. పెండ్లిపెద్దకు, సభాధ్యక్షునకు, బడిపంతులునకు సైతము.

మా తాతగారు రైలునకిచ్చిన మాట తప్పలేదు. రాత్రియంతయు చలిలో పడుకొనియైనను వేళకు లేచి నిలిచిరి. అట్టివారికి మాట నిలుపుకొనవలసిన వంతు ఇప్పుడు బండిది.